పరిచయపు జాబు



గ్రామములందు చదువుకొన్న పెద్దలకు తరచుగా వచ్చు చిక్కు ఒకటి గలదు. ప్రొద్దున్నే అరుగుమీద కూర్చుండి పత్రిక చూచుకొనుచుండగా, తెలిసినవారి పిల్లవాడొకడు వచ్చి చేతులు కట్టుకొని నిలుచును. "తాతయ్యగారూ, నేను కొంచెము వ్రాయగలను. పట్టణములో పత్రికలవారికి మీరొక జాబు వ్రాసి యిచ్చినచో పని దొరకునని మా నాయన పంపినాడు" అనును. మీరు కాదనలేరు. కళ్ళజోడు సవరించుకొని, తెల్లకాగితము తీసి, ఆ పిల్లవాడు సచ్చీలుడనియు, బుద్ధిమంతుడనియు, మంచి కుటుంబములోనివాడనియు నాలుగు పంక్తులు వ్రాసి సంతకము చేసి యిత్తురు. అతడు మీ పాదములకు నమస్కరించి వెళ్ళును. ఆ తరువాత ఆ జాబు ఏమైనదో మీకు తెలియదు. నాకు తెలియును. ఏలయన, అట్టి జాబునొకదానిని చొక్కా జేబులో పెట్టుకొని నేనును ఒకప్పుడు బస్సెక్కితిని.

నేను ఉద్యోగము చేసినవాడను కాను. ఏ పత్రికలోను నెలజీతమునకు కుదురలేదు. వ్యాసమునకింత, అనువాదమున పుటకింత అని పుచ్చుకొని, నలుబదియైదు సంవత్సరములకు పైగా వ్రాతమీదనే యిల్లు గడిపితిని. ఇట్టివారిని ఇంగ్లీషులో ఫ్రీలాన్సరులందురు. ఆ మాట పుట్టుక వింతగా నుండును. సర్ వాల్టర్ స్కాట్ అను నవలాకారుడు 1819 చివర వెలువరించిన 'ఐవాన్‌హో'లో, ఏ ప్రభువునకును కట్టుబడక, కూలి యిచ్చినవాని పక్షమున బల్లెము పట్టు బంట్లకు ఈ పేరు కనబడును. లాన్సు అనగా బల్లెము. మన పల్లెలలో ఏటిజీతమునకు కుదిరిన పాలేరు వేరు, రోజుకూలి వేరు. పాలేరుకు వాన కురిసినను, ఎండ కాసినను గింజలు కొలిచెడివారు. కూలివాడు మాత్రము తెల్లవారకముందే రచ్చబండ దగ్గర నిలువవలెను. ఎవరైన పిలిచిననే ఆనాటికి కూడు. నేను రెండవ కోవకు చెందినవాడను. రచ్చబండకు బదులు నాకు తపాలాపెట్టె.

కనుక పని యడుగు జాబు నాకు అలంకారము కాదు. అది నాకు పలుగు, పార. దానిని ఎట్లు పట్టవలెనో నేర్చుకొనుటకు నాకు చాలకాలము పట్టినది.

మాది కృష్ణాజిల్లాలో అప్పటి దివి తాలూకా. మా నాయనగారికి సొంతము ఎకరమున్నర, కౌలు మూడెకరములు. నేను బందరులో బి.ఏ. చదివి 1975లో ఇంటికి వచ్చితిని. అప్పటికే చదువునకు చేసిన అప్పు వడ్డీతో పెరిగియుండెను. కథలు వ్రాయుట తప్ప నాకు వేరొక విద్య రాదు. మా నాయన మునసబుగారి నాశ్రయించెను. గ్రామాధికారుల పదవులు 1984లో రద్దయినవి గాని, ఆ దినములలో మునసబుగారి సంతకమునకు మా ఊళ్ళో రూపాయి నోటుకున్న విలువ యుండెడిది. ఆయన విజయవాడలోని ఒక వారపత్రికకు జాబు వ్రాసి యిచ్చిరి. అందులో తమ కటాక్షవీక్షణములు మొదలుకొని చిరఋణగ్రస్తుడను వరకు ఏ మాటయు లోపింపలేదు.

ఆ పత్రికలో పెద్దవయసు సహాయసంపాదకులొకరు దానిని రెండుమార్లు చదివి, మడతపెట్టి, తిరిగి నా చేతికిచ్చి యిట్లనిరి: "బాబూ, నీవు మంచివాడవని మునసబుగారు వ్రాసినారు. సంతోషము. నీకేమి తెలియునో ఇందులో లేదు. మాకు కావలసినది అది."

నాకు కోపము వచ్చినది. ఊరిపెద్ద మాటకు ఇంతేనా విలువ యనుకొంటిని. తిరుగు బస్సులో, ఆ కాగితము చించి కిటికీలోనుండి పారవేయబోయి, మా నాయన జాగ్రత్తగా దాచుమన్నాడని గుర్తు వచ్చి మానితిని. అది నేటికిని నా పెట్టెలో నున్నది.

రెండేండ్లు గడచినవి. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చినది. వినుచున్నవారిలో ఆ రాత్రి నెరిగినవారుందురు. లెక్కకు తేలినంతవరకే సుమారు పదివేలమంది పోయిరి. మా యిల్లు అవనిగడ్డకు ఎగువన నుండుటచే గోడలు కూలినవి గాని ప్రాణములు దక్కినవి. నాగాయలంక దిగువన, సముద్రపు అంచున నున్న సొర్లగొంది మొదలైన ఊళ్ళు తుడిచిపెట్టుకొని పోయినవి. మా పిన్ని కాపురమున్న పల్లె ఆ దిక్కుననే యుండెను. ఆమె గాని, ఆమె యిల్లు గాని మరల మాకు కనబడలేదు.

పత్రికలవారు వచ్చిరి, చూచిరి, వ్రాసిరి. కొన్ని వారములైన పిదప వారి రాక తగ్గినది. అప్పుడు మొదలైనది బ్రతికినవారి కష్టము. కోతకు వచ్చిన వరిచేలు ఉప్పునీటిలో మునిగి కుళ్ళినవి. త్రాగునీటి చెరువులు ఉప్పుకషాయమైనవి. నేలమీద తెల్లగా పొరకట్టిన ఉప్పును చూచి, ఇక ఈ భూమి పండునా యని రైతులు ఒకరినొకరు అడుగుచుండిరి. గట్లు వేసి, కాలువనీరు నిలువగట్టి, ఆ నీటిని మురుగుకాలువలోనికి తీసివేయుచు, మరల నీరు పెట్టుచు ఉప్పును కడుగవలెనని వ్యవసాయశాఖవారు చెప్పుచుండిరి. చెప్పుట తేలికయే గాని, పూడిపోయిన మురుగుకాలువలోనికి నీరు తీయుటెట్లు? నేను సైకిలుమీద పదునైదు ఊళ్ళు తిరిగి, ఎవరు ఏమి చేయుచున్నారో నోటుపుస్తకములో వ్రాసికొంటిని. అదియేదో ఉద్దేశముతో చేసిన పని కాదు. ఇంట కూర్చుండలేక చేసితిని.

అప్పుడొక రాత్రి ఆ సహాయసంపాదకుల మాట జ్ఞప్తికి వచ్చినది. నాకేమి తెలియును? ఇది తెలియును. లాంతరు వెలుతురున ఒక జాబు వ్రాసితిని. దాని నకలు నాయొద్ద నున్నది కనుక ఉన్నదున్నట్లు చదివెదను.

"అయ్యా, నేను దివి తాలూకావాడను. ఉప్పెన రాత్రి ఇక్కడనే యుంటిని. పోయినవారిని గూర్చి మీ పత్రిక వ్రాసినది. ఉన్నవారి పొలములను గూర్చి నేనింతవరకు ఎందును చదువలేదు. ఉప్పెక్కిన చేలను ఎట్లు కడుగుచున్నారో, చెరువులను ఎట్లు తోడుచున్నారో పదునైదు ఊళ్ళలో అడిగి వ్రాసికొంటిని. మీరు కోరినచో మీ పత్రికలో రెండు పుటలకు సరిపోవునట్లు పదిదినములలో వ్రాసి పంపగలను. మచ్చునకు ఒక ఊరి సంగతి జతపరచినాను. నా వ్రాత ఇంతకుముందు అచ్చుకాలేదు. జవాబు కార్డు కూడ జతపరచినాను."

ఇంతే. కటాక్షము లేదు, ఋణగ్రస్తుడు లేడు. తొమ్మిదవదినమున ఆ జవాబు కార్డు తిరిగివచ్చినది. వెంటనే వ్రాసి పంపుమని రెండు పంక్తులు. ఆ వ్యాసము తరువాత మరి నాలుగు వ్రాయించుకొనిరి.

ఇక్కడ ఒక సంగతి దాచరాదు. మొదటి వ్యాసమునకు వచ్చిన మనియార్డరు సొమ్ము మా అమ్మ చేతికిచ్చితిని. ఆమె అందుకొనలేదు. "మీ పిన్ని మునిగిపోయిన నీళ్ళతో సిరా కలుపుకొంటివిరా?" అన్నది. నాకు సమాధానము తోచలేదు. నేడును తోచదు. ఎవరో ఒకరు వ్రాయవలసిన సంగతియేనని నా మనస్సునకు చెప్పుకొందును గాని, దానికి డబ్బు పుచ్చుకొంటిననుటయు నిజమే కదా. తరువాత ఆమెయే ఆ సొమ్ము తీసి పసుపుగుడ్డలో ముడివేసి దాచినది. 1980లో కృష్ణా పుష్కరములు వచ్చినప్పుడు, మా నాయనచేత ఆ డబ్బుతో పిన్నికి పిండప్రదానము చేయించినది.

ఆ రెండు జాబులను ప్రక్కప్రక్కన పెట్టి నేను చాలమార్లు చూచితిని. మునసబుగారి జాబు అబద్ధము కాదు. ఆయన నిజమే వ్రాసిరి. కాని ఆ జాబులో నా పేరు తీసి మరియొకని పేరు పెట్టినను సరిపోవును. రెండవదానిలో పేరు మార్చుటకు వీలులేదు.

దీనికి నాకంటె చాల గొప్పదైన నిదర్శనమొకటి గలదు. శ్రీనివాస రామానుజన్‌గారు 1913 జనవరి 16వ తేదీన మద్రాసునుండి కేంబ్రిడ్జిలోని హార్డీ అను గణితాచార్యునకు వ్రాసిన జాబు మీలో కొందరు వినియేయుందురు. తాను మద్రాసు పోర్టుట్రస్టు కచేరీలో లెక్కల శాఖ గుమాస్తాననియు, ఏడాదికి ఇరువది పౌనులే తన జీతమనియు, తనకు విశ్వవిద్యాలయపు చదువు లేదనియు ఆయన మొదటనే చెప్పుకొనిరి. పెద్దల సిఫారసు నమ్ముకొన్న జాబు కాదది. తాను కనుగొన్న సిద్ధాంతములను, సుమారు 120, కాగితములనిండ వ్రాసి దానికి జతపరచిరి. అంతకుముందు మరి యిద్దరు కేంబ్రిడ్జి పండితులకు వ్రాసినప్పుడు ఆయనకు సాయము లభింపలేదు. హార్డీ ఆ కాగితములను తన సహాధ్యాపకుడైన లిటిల్‌వుడ్‌తో కూర్చుండి చదివి, ఇవి కల్పించినవి కావని తేల్చుకొనెను. తరువాతి కథ లోకమెరుగును. పని యడుగుట వేరు, పని చూపుట వేరు. రామానుజన్‌గారు చూపిరి. ఆ చూపుటయందు కూడ మొదటి రెండుమార్లు ఫలము లేకపోయినదని మనవాళ్ళు మరచిపోవుదురు. మూడవ జాబు వ్రాయకున్నచో?

ఇతరులు చేయు పరిచయము నిష్ప్రయోజనమని నా భావము కాదు. మైసూరులో ఆర్.కె. నారాయణ్‌గారు తమ మొదటి నవలను ఇంగ్లండు పంపగా, ప్రచురణకర్తలు వరుసగా త్రిప్పిపంపిరి. విసిగి, ఆ వ్రాతప్రతికి రాయికట్టి థేమ్సునదిలో పడవేయుమని ఆక్సుఫర్డులోనున్న మిత్రునకు వ్రాసిరి. ఆ మిత్రుడు నదికి పోక, ప్రతిని తీసికొనిపోయి గ్రాహం గ్రీన్ అను రచయిత చేతిలో పెట్టెను. గ్రీన్ మెచ్చి, ప్రచురణకర్తకు తానే చెప్పెను. 'స్వామి అండ్ ఫ్రెండ్స్' 1935లో అచ్చయినది. మిత్రుడు నారాయణ్‌గారి శీలమును వర్ణించుచు ఊరకుండలేదు; పుస్తకమునే మోసికొనిపోయెను.

ఇక జాబు వ్రాయు తీరు. కాగితమునకు ఒక వైపు మించరాదు. సంపాదకునకు దినమున ఎన్నో కాగితములు వచ్చును. రెండవవైపు త్రిప్పు ఓపిక యుండదు. ఎవరికి వ్రాయుచున్నామో వారి పేరు, ఆ నెల సంచికలోనే చూచి వ్రాయవలెను. సంపాదకుడు మారి ఆరు నెలలైన పిదప పాత సంపాదకునకు జాబు వచ్చినచో, క్రొత్తవాడు దానిని ప్రీతితో చదువునా? పత్రికను పొగడుట అనవసరము. మన కష్టములు చెప్పుకొనుట మరింత అనవసరము. తల్లిదండ్రులు వృద్ధులనియు, చెల్లెండ్రకు పెండ్లి కావలెననియు నేనును తొలిదినములలో వ్రాసితిని. పత్రిక ధర్మసత్రము కాదు. జాలిపడి ఒక వ్యాసము వేసికొన్నను రెండవది అడుగరు.

తెలియనిది తెలియుననుట అన్నింటికంటె ముప్పు. ఇందుకు నేనే సాక్షిని. మద్రాసులోని ఒకరికి నేను తమిళము బాగుగా నెరుగుదునని వ్రాసితిని. నాకు వచ్చినది సంతలో బేరమాడునంత తమిళము. వారు నమ్మి ఒక కథల సంపుటి పంపిరి. అందొక వైద్యుడు రోగి భార్యతో 'అవసరపడవద్ద'నును. తమిళమున అవసరమనగా తొందర. నేను 'అవసరములేదు' అని తెలిగించితిని. పాపము, మగని ప్రాణముకొరకు ఏడ్చుచున్న ఇల్లాలితో వైద్యుడు మందు అవసరము లేదన్నట్లు అచ్చులో పడినది! ఆ తరువాత రెండేండ్లు అటునుండి నాకు జాబు లేదు. నేనును వ్రాయలేదు; ముఖము చెల్లలేదు.

వ్రాతపని యనగా వారపత్రికలే యని మనవారు భ్రమపడుదురు. నా యింట పొయ్యి వెలిగించినవి ఎక్కువగా పేరులేని వ్రాతలు. ఎరువుల సంచిలో పెట్టు సూచనలు, సహకార సంఘముల వార్షిక నివేదికలు, వైద్యులు పంచు చిన్న పుస్తకములు. ఒకమారు మా అన్నగారు నీటిపంపు కొనగా, దానితో వచ్చిన తెలుగు కరపత్రములో 'పాదకవాటమును శుభ్రపరచుడు' అని యుండెను. మా అన్నగారు నన్ను పిలిచి, ఇది ఏ దేవాలయపు తలుపురా యని అడిగిరి. అది ఫుట్‌వాల్వు. నేను ఆ కంపెనీవారికి జాబు వ్రాసితిని: "మీ కరపత్రమును మా ఊరి రైతులు ఏడుగురికి చదివి వినిపించినాను. తొమ్మిది మాటలు వారికి తెలియలేదు. ఆ తొమ్మిదింటిని, వాటికి మా ప్రక్క వాడుకలోనున్న మాటలను దీనితో పంపుచున్నాను. మీ తరువాతి కరపత్రమును తెలుగు చేయుటకు నాకు అవకాశమిచ్చినచో పుటకింత తీసికొందును." పదునొకండు సంవత్సరములు వారి తెలుగు నేనే వ్రాసితిని. ఏ సభలోను దానికి దండ వేయలేదు. పిల్లల చదువులు మాత్రము దానిమీదనే గడచినవి.

సొమ్ము మాట మొదటి జాబులోనే ఎత్తవచ్చునా యని కొందరడుగుదురు. కంపెనీలకైనచో ఎత్తవచ్చును. పత్రికలకు, వారు వ్రాయుమన్న పిదప, పని మొదలుపెట్టకముందు అడుగవలెను. అడిగి, వారు చెప్పినదానిని మరల ఒక జాబులో వ్రాసి పంపవలెను. నేనట్లు చేయక చెడితిని. 1980 తరువాతి సంవత్సరములలో ఒక ప్రచురణసంస్థవారు నోటిమాటమీద నాచేత కాలువలను గూర్చి పండ్రెండు వ్యాసములు వ్రాయించుకొని, కొంత యిచ్చి, తరువాత వాటిని పుస్తకముగా వేసి అమ్ముకొనిరి. నాకు కాని లేదు, పేరు లేదు. నౌకరీలో నుండక విడిగా వ్రాయువాని రచనపై హక్కు, అతడు వ్రాతమూలకముగ ఇచ్చివేసిననే తప్ప, 1957 కాపీరైటు చట్టము ప్రకారము అతనియందే యుండును. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలిసిన పిదప వకీలును పెట్టుకొనుటకు చేతిలో డబ్బు లేదు. పొలముగట్టు తగవులలో ఒక్క కాగితపు విలువ మీకు నేను చెప్పనక్కరలేదు.

జవాబు రాకున్నచో మూడు వారములు ఆగి, ఒక కార్డు వ్రాయుదును. నిష్ఠురములాడను. ఫలానా తేదీ జాబు చేరినదో లేదో తెలుపగోరెదనని మాత్రము వ్రాయుదును. నాయొద్ద ఒక చిట్టా గలదు. ఎవరికి, ఏ తేదీన, ఏమి వ్రాసితినో అందుండును. పది జాబులకు రెండు మూడు జవాబులు వచ్చినచో ఆ ఏడు మంచి పంట యని నా లెక్క.

ఇప్పుడు తపాలా పని చాలవరకు ఈమెయిలు చేయుచున్నది. కార్డు చేరుటకు మూడు దినములు పట్టునది, క్షణములో చేరుచున్నది. క్షణములో మరుగునను పడుచున్నది. జాబు వ్రాసియిచ్చు యంత్రములు కూడ వచ్చినవి. పేరు, ఊరు చెప్పినచో అచ్చుతప్పు లేకుండ వ్రాసిపెట్టును. అట్టివి కొన్ని నాకు చూపిరి. మునసబుగారు జ్ఞప్తికి వచ్చిరి. అదే వినయము, అదే నునుపు, పేరు మార్చిన ఎవరికైనను సరిపోవు అదే గుణము.

పెద్దలైన మీరు చేయగలిగినది లేదా? కలదు. ఈ మధ్య జరిగినదొకటి చెప్పెదను. మా ప్రక్క ఊరిలో పనిమానిన బడిపంతులుగారొకరు తమ మనుమరాలిని నాయొద్దకు పంపిరి. చేతిలో జాబు. సచ్చీలురాలు, సౌమ్యురాలు, పెద్దలయందు గౌరవము గలది. ఆ పిల్ల పేరు వ్రాయను. నేను జాబు తిరిగి యిచ్చి, "అమ్మా, నీకేమి తెలియును?" అంటిని. ఆ మాట నా నోటినుండి వచ్చినప్పుడు నాకే ఉలికిపాటు కలిగినది. పిల్ల చాలసేపు నేలచూపులు చూచి, "ఏమీ తెలియదు బాబాయిగారూ. కాలువలో నీళ్ళు ఎప్పుడు వదలినదీ, మా శివారు పొలములకు ఎప్పుడు అందినదీ రెండేండ్లనుండి వ్రాసికొనుచున్నాను" అన్నది.

మరునాడు నేనే పంతులుగారి యింటికి పోయితిని. ఆయన మొదట నొచ్చుకొనిరి. ముప్పది యేండ్లు పిల్లలకు లేఖారచన నేర్పినవాడను, నాకు జాబు వ్రాయుట నేర్పుదురా యనిరి. కాఫీ త్రాగిన తరువాత ఆ నోటుపుస్తకము తెప్పించి చూచిరి. అంతకుముందు ఆయనయు దానిని చూడలేదట! ఒక పుటలో, నీరు వదలిన పదునాలుగవ దినమునకు గాని శివారు మడికి చేరలేదని వ్రాసియుండెను. ఆయన కలము తీసి, ఆ తేదీలు తాను చూచి సరియని తెలిసికొన్నాననియు, ఆ పొలములు తమ యూరివేననియు, ఆ పిల్ల ప్రతిదినము సాయంకాలము గట్టుమీదికి పోవుట తానెరుగుదుననియు వ్రాసిరి. సచ్చీలురాలను మాట కొట్టివేయుటకు మాత్రము ఒప్పుకొనలేదు. పోనిమ్మంటిని. క్రింద పిల్ల తన జాబు తాను వ్రాసికొన్నది. నోటుపుస్తకములోని రెండు పుటల నకళ్ళు జతపరచి, ఒక వ్యవసాయ మాసపత్రికకు పంపితిమి.

నేటికి పదునెనిమిది దినములైనవి. ఇంకను జవాబు లేదు. వచ్చే ఆదివారమునకు మూడు వారములు నిండును. సోమవారమున పిల్లచేత కార్డు వ్రాయింతును. సెలవు.